తగ్గని గిన్నె

ఊరు విడిచి నడిచిన దారిలో ఎక్కడో నా పాలు ఎండిపోయాయి. అప్పటినుంచి నా ఒళ్లు నాది కానట్టుండేది, ఎవరిదో తాళం వేసిన ఇంటిని మోసుకు తిరుగుతున్నట్టు.

శిబిరంలో నీళ్లను నమ్మడానికి లేదు. డబ్బా పాలు తాగిన పసివాళ్లు విరేచనాలతో వాడిపోవడం కళ్లారా చూశాను. నా పాలు తిరిగి పడకపోతే నా పాపకూ అదే గతి.

తల్లుల గుడారంలో నర్సు సన్నటి గొట్టం ఒకటి నా రొమ్మున అతికించి, రెండో కొసను తాను కాచి తెచ్చిన పాలగిన్నెలో వేసింది. "పాప చప్పరిస్తే గిన్నెలోని పాలు గొట్టంలోంచి వస్తాయి. ఆ నోరు తగిలి తగిలి నీకూ చేపుకొస్తాయి."

"ఎండిన బావికి గిలక కట్టినట్టుంది నీ వైద్యం!" అంది అత్తయ్య.

"బావి ఎండలేదు పెద్దమ్మా, బెదిరింది."

పాప తాగేది. గిన్నెలో పాలు తగ్గేవి. తగ్గినకొద్దీ సంతోషం, వెనకే సిగ్గు. కడుపు నింపేది గిన్నె, నేను ఉత్త ఆసరా. దాన్ని చూస్తే సవతిని చూసినట్టే ఉండేది.

ఆ ఉదయం గిన్నెలో పాలు తగ్గలేదు.

"గొట్టం పూడుకుపోయింది! పిల్ల గాలి మింగుతోందే!" అత్తయ్య కేక వేసింది. పాపను లాగబోయాను.

"ఆగమ్మా, తీయకు!" నర్సు పరుగున వచ్చి వంగి చూసింది. పాప గడ్డం కింద గొట్టం మడత పడి ఉంది. దాన్ని సరిచేయకుండా నా వేలు పట్టుకుని పాప గొంతు మీద ఆనించింది. గుటక. ఇంకో గుటక.

"గొట్టంలోంచి చుక్క రావడం లేదు. మరి ఏం మింగుతోంది?"

పాప పెదవి చివర తెల్లటి చుక్క నిలిచింది. లోపల ఎక్కడో తాళం తెరుచుకుంది. ఆ ఇంట్లో ఉన్నది నేనే.

"బావి ఎండలేదని నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను!" అంది అత్తయ్య, కళ్లు తుడుచుకుంటూ. గుడారమంతా గొల్లున నవ్వింది.

"అవును పెద్దమ్మా, గిలక కూడా నువ్వే కట్టావు," అంది నర్సు.

అత్తయ్య ఆ గిన్నె తీసి నా నోటికి అందించింది. "తాగవే తల్లీ. పిల్లకి నువ్వున్నావుగా."

సవతిని ఒక్క గుక్కలో తాగేశాను.