చివరి బెంచీ దాకా

ఆదెమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆ ఆదివారం వచ్చినంత కోపం ఆమెకి జన్మలో రాలేదు.

ఆమె మొగుడు సెంబవాంగ్‌లో తెల్లదొరల ఓడలకి రంగులేసేవాడు. ఆయన వెంట నరసాపురం వైపు నుంచి వచ్చిన ఆదెమ్మ, దొరలు వెళ్ళిపోయినా, మొగుడు పోయినా సింగపూరుని వదల్లేదు. ప్రతి ఆదివారం సెరంగూన్‌లో కతోలిక గుడికి పోయి తమిళ పూజలో కూర్చునేది. పాటలు తమిళం, ప్రసంగం తమిళం, ఆఖరికి పాపసంకీర్తనం కూడా తమిళమే. తమిళంలో చెప్పడం చేతకాని పాపాలన్నీ కడుపులోనే ఉండిపోయాయని నవ్వించేది. మొగుడి శవపేటిక ముందు మాత్రం నవ్వలేకపోయింది. బతికినన్నాళ్ళూ తెలుగు పాటలే పాడుకున్న మనిషిని ఒక్క తెలుగు పాటైనా లేకుండా సాగనంపారు. అది ఆమెని ఇప్పటికీ కోస్తూనే ఉంది. తన చావు పూజైనా తెలుగులో జరగాలి, అందుకు ఈ ఊళ్ళో తెలుగు పూజ ఉండాలి. ఆమె కోరికల్లా అదే.

ఇంతలో వైటూకే వచ్చిపడింది. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లకి పిచ్చెక్కుతుందని లోకమంతా బెంబేలెత్తి, దొరికిన ప్రోగ్రామర్నల్లా విమానం ఎక్కించింది. బిషాన్ ఫ్లాట్లలో హన్మకొండ యాస వినిపించసాగింది. షిప్‌యార్డుల్లో వెల్డింగు పనికి గుంటూరు కుర్రాళ్ళు దిగారు. ట్రైన్‌లో ఎవరి మెడలోనైనా జపమాల కనబడి, నోట్లో తెలుగు వినబడితే చాలు, ఆదెమ్మ వెళ్ళి పక్కన కూర్చునేది.

“ఏ విచారణయ్యా మీది, ఏ గుడి కిందకొస్తారు? మీ ఫాదర్ గారెవరు?”

అలా దొరికిందే ప్రోగ్రామర్ రజిత. అలా దొరికినవాడే వెల్డర్ ఏసుబాబు. వాళ్ళిద్దర్నీ చెరోపక్క నిలబెట్టుకుని గుడి పెద్దయిన ఫాదర్ లిమ్ దగ్గరికి వెళ్ళి, నెలకో తెలుగు పూజ కావాలని అడిగింది. ఆయన మెత్తటి మనిషి. నిర్ణయం మాత్రం గుడి కమిటీ పెద్ద మిస్టర్ టాన్ చేతిలో పెట్టాడు. ఆ టాన్ మెత్తటి మనిషి కాదు.

“ఫిలిప్పీన్స్ వాళ్ళు అడుగుతున్నారు, ఇండోనేషియా వాళ్ళు అడుగుతున్నారు. ఖాళీ లేదు ఆంటీ. ఒక్క ఆదివారం ఇస్తాను. చివరి బెంచీ దాకా నిండితే నెలనెలా మీదే. నిండకపోతే మళ్ళీ అడగొద్దు లా,” అన్నాడు, సింగపూరు వాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి.

మనీలా వెళ్తూ ఇక్కడ ఆగుతున్న ఫాదర్ ఇన్నయ్యని బతిమాలి పూజకి ఒప్పించారు. ఏసుబాబు డార్మిటరీ అంతా తిరిగి ఓవర్‌టైం డ్యూటీలు మార్పించాడు. రజిత ఆఫీసుల్లో తెలుగువాళ్ళని వెంటబడి పట్టుకుంది. ఆదెమ్మ ఊరంతా ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం గుడి మెట్ల నిండా చెప్పులు, బూట్లు. ఆ కుప్ప చూసి పొంగిపోతూ లోపల అడుగుపెట్టిన ఆదెమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. బెంచీలన్నీ ఖాళీ!

వచ్చిన జనమంతా ఊళ్ళో అలవాటు ప్రకారం పీఠం ముందుకెళ్ళి కింద కూర్చున్నారు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, మోకాలికి మోకాలు తగిలేలా ఒత్తుకుని, నడవలోకి కూడా పాకారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఆలోచించలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూడా ప్యాంటు మడతలు సవరించుకుని బాసింపట్టు వేశారు. బెంచీలు నింపాలన్న మాట మాత్రం ఒక్కడికీ గుర్తులేదు.

అరుద్దామనుకునేలోగా గంట మోగింది, పూజ మొదలైంది. వెనక గోడ దగ్గర టాన్ ఖాళీ బెంచీల వంక చూసి తల అడ్డంగా ఊపాడు. ఆదెమ్మ పళ్ళు నూరుకుంటూనే పోయి కింద కూర్చుంది. తొలిపాట అందుకున్నారు. ఇంతమంది గొంతుల్లో తెలుగు ఆ గోడలకి తగలడం అదే మొదటిసారి. పాట మధ్యలో ఆమె కోపం ఎటో పోయింది. మొగుడు గుర్తొచ్చి ముసుగులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

పూజ అయ్యాక టాన్ దగ్గరికొచ్చాడు.

“బాగా పాడారు ఆంటీ. కానీ బెంచీలు నిండలేదు. మాట మాటే.”

అప్పటికే జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆదెమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఎవడైనా చెప్పుల్లో కాలు పెట్టాడో, కాలిరగ్గొడతా! అందరూ లోపలికి నడవండి. ఎక్కి బెంచీల మీద కూకోండి!”

“ఆంటీ, పూజ అయిపోయింది గదా?” అంది రజిత.

“మన పని అవలేదమ్మా. కూకో!”

కూర్చున్నారు. ముందు బెంచీలు నిండాయి. సగం దాకా నిండాయి. వెనక్కి వచ్చేకొద్దీ జనం పలచబడుతుంటే ఆదెమ్మ బయటికి పరుగెత్తింది. ఫోన్లు మాట్లాడుతున్నవాళ్ళని బయటినుంచి లాక్కొచ్చింది. పెరట్లో మకాన్‌కి, అంటే భోజనాలకి, వడ్డన సిద్ధం చేస్తున్న వంటవాళ్ళని గరిటెలతో సహా తోలుకొచ్చింది. చివరి బెంచీలో ఇంకా ఒక చోటు మిగిలింది. తను కూర్చుంటే గుమ్మం దగ్గర కాపలా ఉండదని అటూ ఇటూ చూసింది.

“ఫాదర్ గారూ, తవరూ తెలుగోరే కదండీ!”

పూజ వస్త్రాలు మడతపెడుతున్న ఫాదర్ ఇన్నయ్య ఒక్క క్షణం బిత్తరపోయి, నవ్వుకుంటూ వచ్చి వంటమనిషి పక్కన సర్దుకున్నాడు.

టాన్ ముందు నుంచి ఒక్కో బెంచీ చూసుకుంటూ వస్తున్నాడు. ఆయన వెనక దాకా వచ్చేసరికి, నిలబడ్డ ఆదెమ్మని చూసి ఏసుబాబు లేవబోయాడు.

“ఆంటీ, మీరు కూర్చోండి.”

ఆదెమ్మ వాడి భుజం పట్టి కిందికి నొక్కింది. “కదిలావంటే చంపేస్తా!”

టాన్ చివరి బెంచీ దగ్గర ఆగాడు. వంటవాడి గరిటెనీ, ఫాదర్ గారినీ చూసి ఆపుకోలేక పగలబడి నవ్వాడు.

“ఓకే లా! ప్రతి నెలా, రెండో ఆదివారం.”

గుడి కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు మోగాయి. టాన్ ఆదెమ్మ వైపు తిరిగాడు.

“అందరికీ చోటు దొరికింది. మీకే లేదే ఆంటీ?”

ఆమె కళ్ళు తుడుచుకుంది, నడుం మీద చెయ్యేసుకుంది.

“ఇన్నేళ్ళూ మీ బెంచీల మీద ఒక్కదాన్నే కూకున్నానయ్యా. ఇయాళ నన్ను నిలబడనియ్యి.”