బొట్టు పెట్టిన డబ్బా

పదకొండు గంటలకు వికారాబాద్‌లో కాలేజీ కమిటీ కూర్చుంటుంది. సంజన రెండేళ్లు కష్టపడి కట్టిన లెక్కల పాఠాల సైటును ఆ కమిటీకి అక్కడి లెక్చరర్ రజిని మేడం తెరిచి చూపించాలి. వాళ్లు ఊ అంటే సంజనకు ఆ కాలేజీలో ఉద్యోగం. కాదంటే మళ్లీ వంటిల్లే. ఆ సైటంతా తాండూరులో, ఆమె అత్తగారింటి కొట్టుగదిలో, కంది బస్తాల పక్కనున్న పాత లినక్స్ కంప్యూటర్ మీద నడుస్తుంది. తొమ్మిదింటికి చూస్తే చక్కగా నడిచింది. పదింబావుకు చూస్తే తెరుచుకోలేదు.

సంజనకు ఒళ్లు మండింది. ఆ కంప్యూటర్ మీంచి, ఉన్నావా అని పలకరించే పింగ్ ఆదేశం కొట్టింది. ఇంట్లో రౌటర్ ఠంచనుగా జవాబిచ్చింది. బయటి అడ్రసుకు కొడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అదే ఇంటి వైఫైతో ఆమె ఫోనులో మాత్రం నెట్ హాయిగా వస్తోంది. అంటే లైను బాగుంది, రౌటర్ బాగుంది, తప్పు తన సెట్టింగుల్లోనే అనుకుంది. నెట్‌వర్క్‌ను ఆపి లేపింది. ఫైర్‌వాల్ తీసేసింది. నిన్నటి అప్‌డేట్‌ను తిట్టింది, దాన్ని రాసినవాణ్ని తిట్టింది, ఆఖరికి తన చదువునూ తిట్టుకుంది.

పదకొండు కొట్టగానే ఫోను మోగింది. "సంజనా, తెరుచుకుంటలేదమ్మా. అందరొచ్చి కూసున్నరు," అంది రజిని మేడం.

"అయిదు నిమిషాలు మేడం, దండం పెడత."

ఏం చేయాలో తోచక కంప్యూటర్ వెనక వైరు పట్టుకుని, గోడ వెంబడి నడిచి హాల్లోకి వచ్చింది. అలమారాలో రెండు రౌటర్ డబ్బాలున్నాయి. నెట్ వచ్చేది కొత్తదానికి. పాతది ఇంటికొచ్చిన ఏడాదే పప్పు మిల్లు కలిసొచ్చిందని మామగారు కైలాసం దాన్ని ఆర్పనివ్వడు. దసరాకు బొట్టు కూడా పెడతాడు. దానికి లైను లేదు, కానీ కొత్తదాని అడ్రసే దానిదీ. ఇంతసేపూ జవాబిచ్చింది అదే. ఆమె వైరు దాంట్లో ఉంది.

"ఎవరు మార్చిండ్రు దీన్ని?" ఇల్లు అదిరేలా అరిచింది.

"నేనే బిడ్డా," అన్నాడు కైలాసం, పూజగది గుమ్మంలోంచి. "ఇయ్యాల నీ పని ఉన్నదంటివి గద. మనకు కలిసొచ్చిన డబ్బ అని పూజ అయినంక నీ వైరు దాంట్ల పెట్టిన."

"నన్నొక్క మాట అడిగిండ్రా మామయ్యా?"

"నీ మంచికే గద. అడిగేదేమున్నది?"

అడిగేదేముంది! ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఆమె గురించి తీసుకున్న ప్రతి నిర్ణయం వెనకా ఈ మాటే. వైరు పీకి కొత్తదాంట్లో పెట్టింది. ఫోనులో సైటు వెంటనే తెరుచుకుంది. మేడంకు ఫోను చేసింది.

"అందరు లేసి వెళ్లిపోయిండ్రమ్మా. వేరేవాళ్లది ఖాయం చేసిండ్రు."

సంజన ఫోను పెట్టేసింది. కైలాసం ఆమె భుజం మీదుగా ఫోనులోకి తొంగిచూసి, "సూసినవా, వచ్చింది!" అని సంబరపడ్డాడు. కుంకుమ భరిణె తెచ్చి, కొత్త డబ్బాకూ బొట్టు పెట్టబోయాడు.

సంజన డబ్బా మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నన్నడగకుండ దీన్ని ముట్టకుండ్రి మామయ్యా."

కుంకుమ అంటిన వేలు అక్కడే ఆగింది. ఆమె చెయ్యి తీయలేదు.