నా హెడ్‌లైటు మీది నిమ్మకాయ దండ

నేను ఒక మోటారు సైకిల్‌ని. బొబ్బిలి చుట్టుపక్కల ఊళ్లలో నన్ను పారినాయుడి మొండి బండి అంటారు. అననివ్వండి, ఏం చేస్తాను? నా రోగం ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పడానికి నోరే లేదు.

పుట్టుకతో నేనిలా లేను. ఫ్యాక్టరీలో నా వైర్లన్నీ ఒద్దికగా సర్ది, అవి కలిసే చోటును హెడ్‌లైటు డొప్పలో దాచి పంపారు. మొదట కొన్న పోస్టుమాస్టరు గారు నన్ను తోలిన దానికంటే తుడిచిందే ఎక్కువ. మోకాళ్లు పట్టేసి కిక్కు కొట్టలేక పారినాయుడికి అమ్మేశారు.

పారినాయుడు గోపాలమిత్ర. ఎదకొచ్చిన గేదెలకు సూది వేసి చూడి కట్టించే మనిషి. కబురొచ్చిన పూటే వెళ్లాలి. ఎద దాటిపోతే మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే. కాబట్టి ఊళ్లో పాడి నిలవాలంటే నేను నడవాలి.

నన్ను చూసిన రోజే అతని భార్య రామాయమ్మ "ఎర్రగా నిగనిగలాడతంది, దిష్టి తగిలీగల్దు" అంటూ నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి సరిగ్గా నా హెడ్‌లైటు మీద కట్టింది. శనివారం శనివారం కొత్త దండ. గుచ్చిన చోట కారిన పులుపు వైర్ల సందులోంచి డొప్పలోకి దిగేది. కొన్నాళ్లకు తాళం వైరు కలిసే చోట చిలుము పట్టింది. ఇక హ్యాండిల్ ఇటు తిప్పితే కరెంటు ఉంటుంది, అటు తిప్పితే పోతుంది. నేను ఆగిపోయానని తెలిసినప్పుడల్లా ఆ తల్లి హడలిపోయి ఇంకో నిమ్మకాయ ఎక్కువ గుచ్చేది. మనసు మంచిదే, నా ప్రాణం మాత్రం తోడేసింది.

మెకానిక్ త్రినాథ షాపులో స్టాండు వేయగానే నేను బుద్ధిగా మోగేదాన్ని. అతను ప్లగ్గు మార్చాడు, కాయిల్ మార్చాడు, ట్యాంకు కూడా విప్పాడు. హెడ్‌లైటు జోలికి మాత్రం పోలేదు.

"దిష్టి దండ నాను ముట్టనన్నా. ఆ దిష్టి నాకు చుట్టుకుంటే? నువ్వే తియ్యి."

"నాను తీస్తే మా ఆవిడ చంపీగల్దు," అన్నాడు పారినాయుడు.

అదీ సంగతి. ఇద్దరు మగాళ్లు, నాలుగు నిమ్మకాయలు. వీళ్లతో ఎలా వేగేది!

గైరమ్మ అనే ముసలామెకు ఉన్న ఆస్తల్లా ఒక్క గేదె. నా మూలంగా రెండుసార్లు దాని ఎద దాటిపోయింది. "ఈపాలి కూడా తప్పితే పశువుల బేరగాడికి ఇచ్చీడమే బాబూ. ఒట్టి గేదెకి గడ్డెక్కడ తేను?" అని ముందే చెప్పింది. ఒకరోజు తెల్లారగానే ఆమె దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "వొచ్చీస్తన్నా" అని బయలుదేరాడు పారినాయుడు.

ఊరి పొలిమేరలో ఆగాను. కిక్కు కొట్టి కొట్టి అతని కాలు వాచింది. ఎవరి బండైనా అడుగుదామని నడక మొదలెట్టేలోగా, వెధవ బుద్ధి, మళ్లీ మోగాను. తోటల దగ్గర ఆగాను. మళ్లీ మోగాను. పూర్తిగా చచ్చినా బాగుండేది, నన్ను వదిలేసి పోయేవాడు. మధ్యాహ్నం దాటాక కాలవ గట్టు మీద మరోసారి ఆగేసరికి అతనికి ఒళ్లు మండిపోయింది. బూతులు తిడుతూ హ్యాండిల్ పట్టుకుని ఊపేశాడు. ఆ ఊపుకి దండ తెగి కింద పడింది.

తొక్కకుండా దాని చుట్టూ తిరిగి వచ్చి, మొదటిసారి హెడ్‌లైటు విప్పాడు. లోపల పచ్చటి చిలుము. పులుపు వాసన గుప్పున కొట్టింది. బ్లేడుతో గీకి, వైర్లు బిగించాడు. ఒక్క కిక్కుకే మోగాను. పరుగు పెట్టాను. ఆ వెళ్లడం వెళ్లడం ఎక్కడా ఆగలేదు.

గైరమ్మ పశువుల శాలలో కట్టుగొయ్య ఉంది, గేదె లేదు.

"పొద్దుటేల నుంచి చూసినాను బాబూ," అంది ఆమె. "బేరగాడొచ్చినాడు. ఇచ్చీసినాను." తిట్టనైనా తిట్టలేదు. లోపలికెళ్లి అతనికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నాకు సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఉన్న రామాయమ్మ బోసిపోయిన నా మొహం చూసింది.

"ఏటండీ, దండేదీ?"

"తెగిపోనాది."

"అమ్మయ్య!" అంటూ ఆమె గుండెల మీద చెయ్యేసుకుంది. "దానికదే తెగిపోనాదంటే ఏదో పెద్ద గండం మన మీంచి తప్పిపోనట్టేనండి."

పారినాయుడు చిలుము అంటిన చేతులతోనే అరుగు మీద కూలబడ్డాడు.

"మన మీంచి తప్పిపోనాది," అన్నాడు. "గైరమ్మ మీద పడ్డాది."