రెక్క విరిగిన కొంగ

నేను ఒక గీతల్లేని తెల్లకాగితాల పుస్తకాన్ని. నన్ను చేసిన గడ్డి కోసం ఒక గేదె కాగితాల మిల్లు గేటు దాకా పరిగెత్తుకొచ్చి, దక్కలేదని మూడు రోజులు నిరాహారదీక్ష చేసిందట. నమ్మకపోతే మానెయ్యండి. దాని ఉసురే తగిలిందో ఏమో, జరిగినదంతా నెమరువేసే బుద్ధి నాకు అబ్బింది.

నన్ను కొన్నది గోదావరి వైపు ఒక హైస్కూలు డ్రాయింగు మాస్టారు పేర్రాజు. పేజీ మీద ఒక గీత లాగేవాడు. చెట్టూ కాదు, పిట్టా కాదు, వట్టి మెలికలూ సుడులూ. “అక్కా, ఇదేమిటో నాకే తెలియట్లేదు, నువ్వు చెప్పు” అంటూ తెలుగు టీచరు సుభాషిణి ముందు పెట్టేవాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, గీతకు ఆనించి కిందనే తోచిన మాట రాసేది. ‘నిద్రపట్టని మెట్టు’ అని ఒకసారి రాసింది. అది చదివి మాస్టారు పక్క పేజీలో ఇంకో గీత లాగేవాడు. ఆరేళ్లు ఇలా సాగింది. ఇద్దరి సొత్తునని నేను మురిసిపోయాను. కాగితాన్ని కదా, అంతకన్నా తెలివి ఎక్కణ్ణించి వస్తుంది!

బెజవాడలో బొమ్మల ప్రదర్శన ఖాయమైంది. మాస్టారు స్టాఫ్ రూము తలుపేసుకుని, బ్లేడుతో బొమ్మలన్నీ కోసుకుపోయాడు. మాటలున్న అడుగు చీలికలు కుట్టుకు వేలాడుతూ నాకు మిగిలాయి. బీరువా మీద టీచరమ్మ నన్ను చూసింది. సంచిలో పెట్టుకుని బెజవాడ బస్సెక్కింది.

హాల్లో ఒక బొమ్మ ముందు జనం. సుళ్లు తిరిగే గీత, దాని అడుగున బారుగా చిన్నచిన్న గుర్తులు.

“కొంగల బారు భలే ఉందండీ! మధ్యలో ఆ ఒక్కటీ వంకరగా ఉందేం?” అన్నాడో పెద్దమనిషి.

“రెక్క విరిగిన కొంగండి. అది నా ఒంటరితనం” అన్నాడు మాస్టారు, గొంతు బరువు చేసుకుని.

టీచరమ్మ నన్ను బయటికి తీసి, ఒక చీలికను ఆ బొమ్మ అడుగున ఆనించింది. ‘వరద తరవాత పడవ.’ తలలు తెగిన నా అక్షరాల మీద తలకట్లన్నీ వచ్చి కూర్చున్నాయి.

“కొంగ కాదు తమ్ముడూ, ‘తరవాత’లో దీర్ఘం. నేను పెట్టింది.”

“కింద నీ పేరు కూడా రాయిస్తానక్కా...”

“పేరెవరిక్కావాలయ్యా? ఆరేళ్లు పక్కన కూర్చున్నానే, కోసే ముందు ఒక్క మాట అడగలేకపోయావా?”

మర్నాడు మాస్టారు కొత్త పుస్తకం తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. “మళ్లీ మొదలెడదామక్కా.” ఆవిడ కలం తీసి, మొదటి పేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఒక్క దీర్ఘం లాగి, తిరిగి ఇచ్చేసింది.

అందులో మాట ఎక్కడ ఆగిందో, బొమ్మ ఎక్కడ మొదలైందో తేలక, బ్లేడు పట్టుకుని మాస్టారు ఇంకా వెతుకుతూనే ఉన్నాడట.