అర అంగుళం

మేం ఉడత అని పిలుచుకునే మా అమ్మాయి కుడి జబ్బ ఎడమ జబ్బకన్నా అర అంగుళం లావుగా ఉందని అందరికన్నా ముందు తెలిసింది నాకే. స్కూలు యూనిఫాం కుట్టడానికి కొలతలు తీస్తున్నాను. ఎడమ ఏడు, కుడి ఏడున్నర. "కదలకే కోతీ" అని నెత్తిన ఒకటి మొట్టి మళ్లీ కొలిచాను. మళ్లీ ఏడున్నరే. కాలు నేలమీద ఆనని పిల్లకి కొలత సరిగ్గా ఎక్కడొస్తుందిలే అనుకుని, కుడి చెయ్యి కాస్త వదులుగా కుట్టి ఊరుకున్నాను.

రెండు నెలలకి "అమ్మా, చెయ్యి పట్టేస్తోంది" అంది. కుట్లు విప్పి, లోపల వదిలిన బట్ట బయటికి తీసి, మళ్లీ కుట్టిచ్చాను. ఐదు నిమిషాల పని. ఇరవై ఏళ్లుగా ఎవరి ఒళ్లు పెరిగినా నేను చేసేది అదే. ఎందుకు పెరిగిందని ఎవర్నీ అడగను. నా కూతుర్నీ అడగలేదు.

ఆ మర్నాడు స్కూల్లో ఆటల టీచరు దాని జబ్బ పట్టుకుని పైకి లేపబోయి ఆగిపోయిందట. నాకు ఫోన్ చేసింది.

"లోపల గడ్డలా తగులుతోందండీ. ఎవరికైనా చూపించారా?"

గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. మెత్తటి కండలో పుట్టే క్యాన్సరని తేలింది. ముందు మందులు. మూడు వారాలకోసారి నరంలోకి ఎక్కించేవారు. రెండోసారికే దిండు మీద జుట్టంతా కుప్పగా మిగిలింది. గడ్డ కుంచించుకుపోయాక, పదిరోజుల కిందట ఆపరేషన్ చేశారు. ఇవాళ దాని రిపోర్టు.

డాక్టరుగారి గది బయట బెంచీ మీద ఉడత మా ఇద్దరి మధ్య కూర్చుంది. అటువైపు మా ఆడపడుచు. నేను ఒళ్లో ఉన్న ఫైలు అంచును గోటితో గీరుతున్నాను.

"అత్తా, నీ కొప్పులో సగం నాకివ్వవా?" అంది ఉడత, టోపీ సర్దుకుంటూ.

"ఇచ్చేదాన్నేగానీ, మీ మామయ్య నన్ను గుర్తుపట్టకుండా గుమ్మంలోంచే పంపించేస్తాడు" అంది మా ఆడపడుచు. తర్వాత నా వైపు వంగింది. "మా అన్నయ్య కింద బండి తుడుస్తున్నాడు వదినా. కొన్న దగ్గర్నుంచీ దానికి ఇంత సేవ జరగడం ఇదే."

"పైకి రమ్మనలేకపోయావా?"

"రమ్మన్నాను. కాళ్లు రావట్లేదన్నాడు."

నా కాళ్లూ రాలేదు. తెచ్చుకున్నాను.

ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. "గడ్డనొక్కదాన్నే తియ్యం. చుట్టూ కొంత మంచి కండ కూడా కలిపి తీస్తాం. దాన్ని మార్జిన్ అంటాం."

మార్జిన్! రోజుకి పదిసార్లు నా నోట్లో నలిగే మాట. "లోపల మార్జిన్ ఎక్కువ వదులు టైలరమ్మా, మళ్లీ లావైతే పనికొస్తుంది" అంటారు ఆడవాళ్లు. అలవాటు కొద్దీ "ఎంత వదులుతారు?" అనేశాను.

"వదలడం కాదమ్మా, తీసెయ్యడం. ఆ మార్జిన్‌లో రోగం కణాలు లేకపోతే మనకి మంచిది. వేరే చోటికి పాకలేదు కాబట్టి, ఇలాంటి పిల్లల్లో వందకి డెబ్బైమంది దాకా కోలుకుంటారు. కణాలు కనిపిస్తే ఆ లెక్క తగ్గుతుంది."

ఆ రోజు నుంచి మిషను తొక్కుతూ కుట్లు లెక్కపెడుతున్నాను. డెబ్బై దాటగానే కాలు ఆగిపోతుంది. సూది బట్టలో దిగి అలాగే ఉంటుంది.

కట్టు మార్చడానికి నర్సు వచ్చి ఉడతని తీసుకెళ్లింది. అదే సమయానికి మమ్మల్ని లోపలికి పిలిచారు. డాక్టరుగారు కాగితం తిప్పారు. వెనక్కి తిప్పి మళ్లీ చదివారు. ఎందుకు మళ్లీ చదవడం? మా ఆడపడుచు చెయ్యి నా చేతిని నొప్పెట్టేలా పట్టుకుంది.

"మూడు వైపులా శుభ్రంగా ఉంది" అన్నారు. "ఎముక వైపు కూడా అంచులో కణాలు లేవు. కాకపోతే బాగా దగ్గరగా వచ్చాయి. ఒక్క మిల్లీమీటరు."

టేపుకి రెండోవైపు ఉంటాయి ఆ చిన్న గీతలు. నేనెప్పుడూ వాడలేదు.

"అంటే?"

"రేడియేషన్ ఇవ్వాలి. ఐదు వారాలు. దాంతోపాటు మందులు ఇంకొన్ని నెలలు. రేడియేషన్ వల్ల ఈ చెయ్యి రెండోదానంత ఎదక్కపోవచ్చు. అది ముందే చెప్పాలి మీకు."

"డెబ్బైలోనే ఉందా అండీ?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు తీశారు. "మీ పాప ఎటు వెళ్తుందో ఆ లెక్క చెప్పదమ్మా. అబద్ధం చెప్పను. మళ్లీ రావడమంటూ ఉంటే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే వస్తుంది. అందాకా మూణ్ణెల్లకోసారి చూస్తాం. ఇవాళ్టికి మనం అనుకున్న దారిలోనే ఉన్నాం."

ఇంక లేవాలి. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చేసింది. "నేను కుట్లు విప్పాను డాక్టరుగారూ."

ఆయన కంగారుగా ముందుకి వంగారు. "ఏ కుట్లు? ఆపరేషన్‌వా?"

"అయ్యో, యూనిఫాం కుట్లండీ" అంది మా ఆడపడుచు. అర అంగుళం సంగతంతా తనే చెప్పింది.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "రెండు నెలలు ముందు వస్తే మేలయ్యేదేమో. నాకూ తెలీదు. నొప్పి లేని గడ్డని చాలామంది ఇంతకన్నా ఆలస్యంగానే తెస్తారు. ఇకనుంచి నెలనెలా కొలవండి. తేడా కనిపిస్తే కుట్లు విప్పకుండా పిల్లని ఇక్కడికి తీసుకురండి."

మా ఆడపడుచు కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

కింద బండి అద్దంలా మెరుస్తోంది. మా ఆయన గుడ్డ పట్టుకుని నా మొహంలోకి చూశాడు. "కణాలు లేవు. కానీ దగ్గరగా వచ్చాయట" అన్నాను. "ఎంత దగ్గర?" అన్నాడు. బొటనవేలి గోరు, చూపుడువేలి గోరు తగిలీ తగలకుండా పెట్టి చూపించాను. ఆయన ఆ సందులోకి చూసి, వెనక్కి తిరిగి, తుడిచిన సీటునే మళ్లీ తుడిచాడు.

ఇంటికి రాగానే ఉడత యూనిఫాం తీసుకుని మిషను దగ్గరికి వచ్చింది.

"బడికి ఇప్పుడే వద్దన్నారుగా" అన్నాను.

"వెళ్లేటప్పటికి సిద్ధంగా ఉండాలిగా!"

తొడిగాను. కుడి చెయ్యి సంచిలా వేలాడింది. టేపు తీసి, కట్టుకి కాస్త పైన నెమ్మదిగా చుట్టాను. అంకె చూశాను. ఆరుంబావు. తగ్గింది, కండ తీశారు కదా. అయినా మరోసారి చుట్టి చూశాను.

"ఎన్నిసార్లు కొలుస్తావే? నేనసలు కదల్లేదు" అంది. "ఊగుతోంది, కత్తిరించెయ్యమ్మా."

కత్తెర తీసుకోలేదు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, మిగులు బట్టంతా లోపలికి మడవడం మొదలుపెట్టాను. ఆ చెయ్యి ఎంత ఎదుగుతుందో, అసలు ఎదుగుతుందో లేదో నాకు తెలీదు. ఒక సూది జారి కిందపడింది. ఉడత వంగి ఎడమచేత్తో తీసిచ్చింది.

"కత్తిరించకుండా మడుస్తావేంటి? ఎందుకూ?"

నోట్లో సూదులున్నాయి కాబట్టి జవాబు చెప్పక్కర్లేకపోయింది.

"ఎంత మార్జిన్ వదుల్తున్నావ్? అంగుళమా?"

తల అడ్డంగా ఊపి, రెండు వేళ్లు చూపించాను.