చిల్లు లేని కుండీ

పంట్లాం అంచు మడిచి సూది గుచ్చుతూనే దర్జీ కిటికీ వైపు ఓరకంట చూశాడు. మరో ఆకు పసుపెక్కింది. నిన్న అంచు దగ్గరే ఉన్న పసుపు ఇవాళ ఈనె దాకా పాకింది.

అది కోడలి మొక్క. పెద్ద పెద్ద ఆకులకు ఎవరో కత్తెరతో తీరుగా చీలికలు కోసినట్టుంటుంది. ఉద్యోగ శిక్షణకు వెళ్తూ, "మామయ్యా, దీన్ని మీ చేతుల్లో పెడుతున్నా" అంది. ఈ ఇంటికి వచ్చాక ఆ పిల్ల నోరు తెరిచి అడిగిన మొదటి సాయం. ఇవాళ తిరిగొస్తుంది. సాయంత్రానికి మొగుడితో కొత్త కాపురానికి వెళ్లిపోతుంది, మొక్కతో సహా. ఏ మొహం పెట్టుకుని అప్పగించాలి?

ఇచ్చినవాళ్ల గుడ్డ పాడవకుండా తిరిగివ్వడమే ఆయన బతుకంతా. ఎందరివో నడుములు బిగించాడు, పొడవులు పెంచాడు. గొంతు మాత్రం ఏనాడూ పెంచలేదు.

ఎండ చాలలేదేమోనని మొక్కను కిటికీ దగ్గరికి జరిపాడు. దాహమేమోనని రోజూ చెంబెడు నీళ్లు పోశాడు. ఇవాళ పోయబోతూ, అడుగున పురుగేమైనా చేరిందేమోనని కుండీ ఎత్తాడు. తడిసిన బొంతంత బరువు! లోపలి ప్లాస్టిక్ కుండీని పైకి లాగితే, బయటి పింగాణీ కుండీలో సగం దాకా నీళ్లు, మురుగు వాసన. దానికి అడుగున చిల్లే లేదు.

"నేను పోసేది చెంబెడే కదే, ఇన్ని నీళ్లెక్కడివి?"

భార్య నాలుక కరుచుకుంది. "మీకెక్కడ గుర్తుంటుందిలే అని పొద్దున్నే నేనూ..."

కొడుకు గదిలోంచి తల బయటపెట్టాడు. "నేనూ పోస్తున్నా నాన్నా. ఎండిపోతే మీ కోడలు నన్ను బతకనిస్తుందా?"

"ఎండుతుందని భయపడి ముగ్గురం కలిసి ముంచేశాం కదరా!"

కోడలు సంచీ దింపకముందే ఎదురెళ్లాడు. "అమ్మాయ్, నీ మొక్కను పాడుచేశాం."

ఆమె మొక్క పక్కన చతికిలబడి, మట్టి తప్పించి వేళ్లను నొక్కి చూసింది.

"ఇవి కుళ్లాయి మామయ్యా. మిగతావి తెల్లగా, గట్టిగా ఉన్నాయి. బతికేస్తుంది. అదిగో, చుట్ట విప్పని కొత్తాకు!" అని ఫక్కున నవ్వింది. "మా ఇంట్లో దీన్ని నేను తప్ప ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇక్కడ ముగ్గురా!"

ఆయన గుండె మీంచి బండ దిగింది. కుళ్లిన వేళ్లు కోయడానికి ఆమె అటూ ఇటూ వెతుకుతుంటే, తన కత్తెర తీసిచ్చాడు.

భార్య కళ్లు పెద్దవయ్యాయి. "నేను కాగితం ముక్క కోస్తేనే మూడు రోజులు మొహం ముడుచుకున్నారు! గుడ్డ తప్ప ఇంకేదీ కోయకూడదన్నారుగా?"

"సానబెట్టుకుంటాలేవే."

సాయంత్రం బండి వచ్చింది. ప్లాస్టిక్ కుండీకి దర్జీ చుట్టిన లైనింగు ముక్కలతో మొక్క కోడలి ఒళ్లోకెక్కింది. పింగాణీది మాత్రం ఆమె వెనక్కిచ్చేసింది. "ఇది మొక్కకు వద్దు మామయ్యా, మీరే ఉంచుకోండి."

బండి మలుపు తిరిగేదాకా చూసి, ఆయన వచ్చి దీపం వేసుకుని, సగంలో ఆపిన పంట్లాం అందుకున్నాడు. కుట్టుమిషను పక్కన, తుడిచి ఆరబెట్టిన చిల్లు లేని కుండీలో, వేళ్ల మట్టి ఇంకా వదలని కత్తెర.