నా ప్యాచ్‌కి నేనే అడ్డం

సంగటి కెలికేటప్పుడు మధ్యలో తెడ్డు వదిలితే ఉండలు కడతాయి. ఉండ కనబడితే మా అత్త సుబ్బులమ్మ మింగదు, పారెయ్యదు. తట్ట అంచున పెడుతుంది, అందరికీ కనిపించేట్టు. అందుకే హాల్లో నా ఫోను మోగుతున్నా నేను పోలేదు. గిన్నె కిందికి దించి, గుడ్డతో అదిమి పట్టుకుని కెలుకుతున్నాను. మా ఆయన మునిప్రసాద్ ఎత్తాడు. "ఆ సార్... ఆ సార్... దానికేముంది సార్, పెట్టుకోండి. ఆమె ఏమీ అనుకోదు."

ఆమె అంటే నేను. నేను ఏమి అనుకోనో నాకింకా తెలీదు.

వడ్డించేటప్పుడు అడిగితే చెప్పాడు. "మీ బెంగళూరు ఆఫీసు హరినాథ్ సారు. నువ్వు చేసినదేదో ఆయన పేరుతో పంపితే బిరిన్న అయిపోతాదంట. సరే అనేసినా. ఊరిబిండి ఇంకొంచెం ఎయ్యి."

నేను చేసినదేదో! అదేందో చెప్తాను. కంప్యూటర్లో అన్నిటికన్నా అడుగున ఉండి, అన్ని ప్రోగ్రాముల బరువూ మోసేదాన్ని కెర్నల్ అంటారు. ఏ ప్రోగ్రామైనా బయటి ప్రపంచంతో మాట్లాడాలంటే కెర్నల్‌ని అడిగి సాకెట్ తెరిపించుకోవాలి. ఆ సాకెట్ అవతలివాళ్ళను కలవబోయే ముందు ఆగి అడిగే ఒక చోటు పెట్టాను. దాన్ని హుక్ అంటారు. మిషను ఎవరిదో వాళ్ళు తమ చిన్న ప్రోగ్రామును ఆ కొక్కేనికి తగిలించుకోవచ్చు. ప్రతిసారీ కెర్నల్ అక్కడ ఆగి, పోనివ్వాలా వద్దా అని దాన్ని అడుగుతుంది. ఒకటి అంటే పోనిస్తుంది. సున్నా అంటే ఆపేస్తుంది. అంతే. అంతే గానీ, దాన్ని నేను ఎక్కడ కూర్చుని రాశానో చూడండి. తిరుపతిలో ఇల్లుంటే అది ఇల్లు కాదు, కొండకు పోయే చుట్టాలందరికీ సత్రం. బంగారుపాళ్యం నుంచి మామిడికాయల సంచులతో దిగుతారు, పొద్దున్నే వేడినీళ్ళు అడుగుతారు, తిరిగొచ్చి గుండ్లతో నా కుర్చీలోనే కునుకు తీస్తారు. మా ఆయన మేనత్త దేవకమ్మయితే నా వెనక నిలబడి స్క్రీను చూసి, "ఇంట్లోనే కూసోనుంటావు గదమ్మా, నీకేం కష్టం" అని కాఫీ అడిగింది. ఆ కాఫీలకీ, కుక్కరు కూతలకీ మధ్య దొరికిన ముక్కల్లో రాసిన కోడది.

రాసి ఊరికే ఇస్తే తీసుకోరు. ఆ మార్పును ప్యాచ్ అంటారు. దాన్ని అందరూ చదివే మెయిలింగ్ లిస్టుకు పంపాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఉతికి ఆరేస్తారు. నన్నూ ఆరేశారు. తిట్టుకుంటూనే మళ్ళీ రాశాను, మళ్ళీ పంపాను. కానీ ఒక్క మాట, ఆ లిస్టులో నేను ఎవరి కోడలినో ఎవరికీ తెలీదు. లోహితా, ఈ లైను తప్పు, అంటారు. ఆ తిట్టు కూడా నాకు తియ్యగానే ఉండేది. అక్కడొక కట్టుబాటుంది. ప్యాచ్ అడుగున, ఇది నేను రాసింది, ఇచ్చే హక్కు నాది అని రాసినవాళ్ళే తమ పేరుతో సంతకం పెట్టాలి. కెర్నల్‌లో కలిశాక ఆ పేరు ఇక ఎవరూ మార్చరు.

ఊరిబిండి పచ్చడి గిన్నె పక్కకు నెట్టి ల్యాప్‌టాప్ తెరిచాను. కొత్త మెయిలు వచ్చి ఉంది. కోడు నాది, నేను పెట్టిన కామాలతో సహా. రాసినవారు హరినాథ్. సంతకం హరినాథ్. అట్టడుగున, పరీక్షించినవారు లోహిత. దాని కింద, కలపాలా వద్దా అని తేల్చే పెద్దాయన జవాబు: బాగుంది, రేపు కలిపేస్తాను. ఇన్నాళ్ళూ నేను కాచుకున్న మాట అదే.

బెంగళూరుకు ఫోన్ చేశాను. హరినాథ్‌కి కోపం కూడా రాలేదు, ఆశ్చర్యమొచ్చింది. తన పేరయితే అక్కడివాళ్ళకు అలవాటట, వెంటనే తీసుకుంటారట, నేనేమో ఫోన్ కూడా ఎత్తనట. చివర్న అన్నాడు, "అయినా మీ ఆయన్ని అడిగే పంపాను కదండీ. ఆయన ఒప్పుకున్నారు."

ఫోను పెట్టేశాక మా ఆయన అన్నాడు, "నీ కోడు లోపలికి పోతాది గదా. నీకు కావాల్సింది అదే గదా? పేరేం చేసుకుంటావే?" ఆయన రేణిగుంట గోడౌన్లో ఏ పెట్టె మీద చీటీ మారినా ఊరంతా ఏకం చేస్తాడు. అది మాత్రం ఉద్యోగం. మా అత్త ఇంకో మెట్టు ఎక్కింది. "మీ మామ పొయ్యి ఎన్నేండ్లాయ పాపా? కరెంటు బిల్లు ఇంగా ఆయన పేరుతోనే వస్తా ఉండాది. లైట్లు ఎలగడం లేదా?"

నిజమే. చచ్చిపోయిన మగవాడి పేరుతో కూడా వెలుగుతుంది ఈ ఇల్లు. బతికున్న ఆడదాని పేరుతో ఏమున్నాయి ఇక్కడ? నేను రాసిన హుక్‌కి ఎవరు పడితే వాళ్ళు ప్రోగ్రాము తగిలించలేరు. ముందు అధికారం ఉందా అని చూస్తుంది. ఆ తనిఖీ నేనే రాశాను. మరి నా వాకిటికి తగిలించిన ప్రోగ్రామో, సోఫాలో కూర్చుని వేళ్ళు నాక్కుంటోంది. చుట్టాలు ఇంకో వారం ఉంటామంటే, నా ఆదివారం ఎవరికైనా కావాలంటే, నా పేరు కావాలంటే, అన్నిటికీ దానిదొకటే జవాబు. ఆమె ఏమీ అనుకోదు.

నాకు రెండు దార్లు. నోరు మూసుకుంటే రేపు నా కోడు కెర్నల్‌లో ఉంటుంది, ఎప్పటికీ అతని పేరుతో. నోరు తెరిస్తే ఈసారి విడుదలయ్యే కెర్నల్‌లో చోటు తప్పిపోతుంది, మళ్ళీ విడుదల నెలల తర్వాత. పైగా ఆఫీసులో నా పనికి మార్కులు వేసేది హరినాథే.

ఒప్పుకోను అని చెప్పడానికి ఆ లిస్టులో ఒక పొట్టి మాట ఉంది, నాక్. ఎవరైనా అనొచ్చు, కారణం చెప్పాలి. అంత ఇష్టపడి రాసుకున్నదాని కింద ఆ మాట కొట్టాను. కారణం: ఈ కోడు నేను రాశాను. వేరే పేరుతో పంపడానికి నేను ఒప్పుకోలేదు. నా తరఫున ఒప్పుకునే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు. కలపొద్దు.

పంపేశాను.

"సంగటి గట్టిపడతా ఉండాది, వచ్చి తిను," అంది అత్త. నేను కదల్లేదు. ఫోను మోగింది. హరినాథ్. మునిప్రసాద్ ఎంగిలి చెయ్యి తొడకు తుడుచుకుని అలవాటుగా చాచాడు.

"ముట్టుకోవాకు," అన్నాను. "అడగాల్సింది నన్ను."